అడగని అప్పు: మెయిల్‌లో వచ్చిన ఒక లైవ్ చెక్ కేసు

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో అప్పుల చిక్కుల్లో పడ్డ కుటుంబాలకు సలహా ఇవ్వడం నా పని. లాభాపేక్ష లేని ఒక సంస్థలో క్రెడిట్ కౌన్సెలర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు. ఇక్కడ రాస్తున్న కేసు 2023 నాటిది. క్లయింటు అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను, డబ్బు లెక్కల్లో చిల్లర తీసేశాను. అప్పిచ్చిన కంపెనీ పేరు చెప్పను. ఇలా పోస్టులో చెక్కులు పంపే కంపెనీలు చాలా ఉన్నాయి, ఈ పద్ధతి అన్నిటికీ ఉన్నదే.

క్లయింటుకు యాభై దాటాయి. సొంతూరు జగిత్యాల వైపు. అన్నగారు స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు మీద వచ్చారు. భర్త చనిపోయారు. కొడుకు కాలేజీలో ఉన్నాడు. ఒక ఇండియన్ గ్రోసరీ స్టోర్ కిచెన్‌లో పని చేస్తారు. ఆవిడ పేరు మీద ఒక కారు లోను, డిపాజిట్ కట్టి తీసుకున్న ఒక క్రెడిట్ కార్డు ఉన్నాయి. ఏ నెలా ఒక్కరోజు కూడా ఆలస్యంగా కట్టలేదు. ఇంగ్లీషులో పేర్లు, అంకెలు చదువుతారు, పేరాలు చదవలేరు. ఈ వివరాలన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఆ చెక్కు ఆవిడనే వెతుక్కుంటూ రావడానికి కారణాలు వీటిలోనే ఉన్నాయి.

చెక్కు ఎలా ఉంటుంది

మొదటి చెక్కు వచ్చిన కవరు ఆవిడ దగ్గర లేదు. కానీ అదే కంపెనీ తర్వాత పంపిన ఇంకో కవరును సంచీలో పెట్టుకొని వచ్చారు. కిటికీ ఉన్న తెల్ల కవరు. లోపల మూడు మడతలు పెట్టిన పొడుగాటి కాగితం. పై భాగం ఉత్తరం, కింది భాగం చిల్లుల గీత దగ్గర చింపుకొనే చెక్కు. దాని మీద ఆవిడ పేరు, మొత్తం, కంపెనీ తరఫున సంతకం, అడుగున రౌటింగ్ నంబరు, అకౌంట్ నంబరు అన్నీ ఉన్నాయి. అది నమూనా కాగితం కాదు, నిజమైన చెక్కు. బ్యాంకులో వేస్తే డబ్బు పడుతుంది. అందుకే దీన్ని లైవ్ చెక్ అంటారు.

చెక్కు మీద పేరు చూడగానే నాకు ఒక విషయం తెలిసిపోయింది. మన పేర్లు పొడుగు కదా, కారు లోను ఇచ్చిన సంస్థ కంప్యూటర్‌లో ఆవిడ పేరు చివర రెండు అక్షరాలు తెగిపోయి నమోదయింది. అదే తెగిన పేరు ఈ చెక్కు మీదా ఉంది. డ్రైవింగ్ లైసెన్సు మీద, బ్యాంకు అకౌంటులో, కరెంటు బిల్లు మీద మాత్రం పూర్తి పేరే. అప్పులిచ్చే సంస్థలు మన వివరాలు క్రెడిట్ బ్యూరోకు, అంటే అందరి అప్పుల చరిత్రా నమోదు చేసే కంపెనీకి, పంపుతాయి. అంటే ఈ కంపెనీకి ఆవిడ వివరాలు వచ్చింది ఆ బ్యూరో నుంచే. ఆవిడ క్రెడిట్ రిపోర్టు తెప్పించి చూస్తే, చెక్కు రావడానికి కొన్ని వారాల ముందు ఆ కంపెనీ చేసిన ప్రమోషనల్ ఎంక్వైరీ, అంటే ఆఫర్ పంపడం కోసం వివరాలు అడగడం, కనిపించింది. ఇలాంటి ఎంక్వైరీ మన రిపోర్టులో మనకు మాత్రమే కనిపిస్తుంది, స్కోరు మీద ప్రభావం ఉండదు. అందుకే ఎవరూ దాని వైపు చూడరు.

మొదటి చెక్కు కాగితం పోయినా, దాని ఫొటో బ్యాంకు యాప్‌లో ఉంది. మొబైల్ డిపాజిట్ చేసినప్పుడు తీసిన రెండు వైపుల ఫొటోలూ బ్యాంకు భద్రపరుస్తుంది. వెనుక వైపు చూశాను. సంతకం గీతకు పైన చాలా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో రెండు వాక్యాలు. ఈ చెక్కు వెనుక సంతకం చేసినా, డిపాజిట్ చేసినా, జతచేసిన రుణ ఒప్పందంలోని షరతులన్నిటికీ మీరు ఒప్పుకున్నట్టే అని వాటి సారాంశం. సరిగ్గా వాటి కింద ఆవిడ సంతకం, తెలుగులో. ఈ దేశంలో అప్పుకు సమ్మతి అంటే ఇంతేనా అని ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

"గవర్నమెంటోళ్ళ పైసలే అనుకున్న తమ్ముడూ, కరోనా టైంల గట్లనే వచ్చినయి గదా" అన్నారు ఆవిడ. నిజమే. 2020, 2021లో ఫెడరల్ ప్రభుత్వం మూడు విడతలుగా మనిషికి 1,200, 600, 1,400 డాలర్ల దాకా ఇచ్చింది. బ్యాంకు వివరాలు ప్రభుత్వం దగ్గర లేనివాళ్ళకు ఆ డబ్బు పోస్టులో చెక్కుగానే వచ్చింది. అడగకుండా వచ్చిన చెక్కును నమ్మడం తెలివితక్కువతనం కాదు. అంతకుముందు రెండేళ్ళ అనుభవం ఆవిడకు నేర్పింది అదే.

మొదటి అప్పు, రెండో అప్పు

చెక్కు 2,000 డాలర్లు. దానికి 100 డాలర్ల అడ్మినిస్ట్రేటివ్ ఫీజు కలిపి అసలు 2,100 అని రాసుకున్నారు. వడ్డీ 30%, గడువు 24 నెలలు, నెలకు 117 డాలర్లు. మొత్తం కట్టాల్సింది 2,818. ఫీజు కూడా కలిపి చూపించే వార్షిక రేటు, అంటే ఏపీఆర్, 35% దాటింది. ఇవన్నీ కవరులోని రెండో పేజీలో, చట్టం చెప్పిన బాక్సులో, చెప్పినట్టే ఉన్నాయి. నెల తిరక్కుండానే పేమెంటు పుస్తకం ఇంటికి వచ్చింది. అప్పుడు తెలిసింది అది అప్పని. అప్పటికే కొడుకు సెమిస్టర్ ఫీజుకు ఆ డబ్బు వెళ్ళిపోయింది.

సరే, అప్పయితే అప్పే అనుకొని ఆవిడ కట్టడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలలు వరుసగా కట్టారు. అందులో 939 డాలర్లు పోయాయి, అసలులో తగ్గింది 567. ఇంకా 1,533 బాకీ. ఇక్కడిదాకా అయితే ఇది ఖరీదైన అప్పు, అంతకంటే పెద్ద ప్రమాదం కాదు. అసలు ప్రమాదం ఎనిమిదో నెలలో వచ్చిన ఫోన్ కాల్‌తో మొదలైంది. మీరు చాలా మంచి కస్టమరు, మీ పేరు మీద ఇంకో 1,200 డాలర్లు రెడీగా ఉన్నాయి, బ్రాంచికి వచ్చి సంతకం పెడితే చాలు అన్నారు. అప్పుడే కారు ట్రాన్స్‌మిషన్ పాడైంది. ఆవిడ వెళ్ళారు.

బ్రాంచిలో ఒక ట్యాబ్లెట్ చేతికిచ్చి, పసుపు గుర్తు ఉన్న చోటల్లా వేలు పెట్టమన్నారు. కొత్త అప్పు 3,500 డాలర్లు. అందులో పాత బాకీ తీర్చడానికి 1,533, ఆవిడ చేతికి 1,200, మళ్ళీ ఫీజు 100. మిగిలిన 667 డాలర్లు ఎక్కడికి పోయాయి? చనిపోతే అప్పు తీర్చే ఇన్సూరెన్సు, జబ్బుపడితే వాయిదాలు కట్టే ఇన్సూరెన్సు, ఉద్యోగం పోతే కట్టే ఇంకో ఇన్సూరెన్సు, వాటిపైన కారు దారిలో ఆగిపోతే సాయం చేసే క్లబ్బు సభ్యత్వం. ఈ నాలుగూ ఆవిడ అడగలేదు. ఉన్నాయన్న సంగతే నేను చెప్పేదాకా తెలియదు. అందులో నాలుగోది ఆవిడ కారు ఇన్సూరెన్సులో ముందే ఉంది.

కొత్త గడువు 36 నెలలు, నెలకు 147 డాలర్లు, మొత్తం 5,280. చేతికి కొత్తగా వచ్చింది 1,200. కాగితం మీద ఏపీఆర్ 31% చిల్లర మాత్రమే, మొదటి అప్పు కంటే తక్కువ. కౌంటర్ దగ్గర అదే చూపించి, మీకు రేటు తగ్గించాం అన్నారట. ఇన్సూరెన్సులు స్వచ్ఛందం అని కాగితంలో రాసి, విడిగా సంతకం తీసుకుంటే, వాటి ఖర్చును ఏపీఆర్‌లో కలపనక్కర్లేదని ఫెడరల్ నిబంధన. ఆ 667ను కూడా అప్పు ఖర్చుగానే లెక్కేసి చూస్తే రేటు 49% దాటుతోంది. ఆవిడ ముందు కూర్చుని ఈ లెక్క చేసి చూపించినప్పుడు, అంకె కంటే ఆవిడను ఎక్కువ కలవరపెట్టింది ఇంకో మాట: "అయితే మొదటి చెక్కు గీ రెండో దానికోసమే పంపిన్రా?"

నా అనుభవంలో సమాధానం అవుననే. చెక్కు మీద వచ్చిన అప్పులో ఇన్సూరెన్సులు ఉండవు. పోస్టులో వాటిని అమ్మడం కష్టం. మనిషిని కౌంటర్ దాకా రప్పించాక అమ్మడం తేలిక. అందుకే పోస్టులో వచ్చే అప్పు గురించి మాట్లాడేటప్పుడు, వడ్డీ ఎంత అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకూడదు. నాకు అప్పు కావాలా అని మనిషి తనను తాను అడుక్కొనే సందర్భమే ఇందులో లేదు. అప్పు కోసం బయల్దేరిన మనిషి నలుగురిని అడుగుతాడు, రేట్లు పోల్చుకుంటాడు, కొన్నిసార్లు ఆలోచన మానుకుంటాడు కూడా. ఈ చెక్కు ఆ దశ మొత్తాన్ని తీసేస్తుంది. ఇక మొదటిసారి కస్టమరు అయ్యాక రెండోసారి ఫోన్ చేయడానికి వాళ్ళకు దారి తెరిచే ఉంటుంది.

చట్టం ఎక్కడ ఆగిపోయింది

క్రెడిట్ కార్డులతో అమెరికా ఈ అనుభవం ముందే పొందింది. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో 60,000 కార్డులు ఎవరూ అడక్కుండానే పోస్టులో పంపింది. 1966 చివర్లో షికాగో బ్యాంకులు పోటీపడి లక్షల కార్డులు పంచాయి. చిన్నపిల్లల పేర్ల మీద, చనిపోయినవాళ్ళ పేర్ల మీద కూడా కార్డులు వెళ్ళాయి. పోస్టులోనే దొంగతనాలు జరిగాయి. చివరకు 1970 అక్టోబరు 26న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో, అడగనివాళ్ళకు క్రెడిట్ కార్డు పంపడం నిషేధమైంది.

ఆ నిషేధం కార్డుకే. చెక్కుకు వర్తించదు. 1990ల చివర్లో కాంగ్రెస్‌లో దీని మీద బిల్లులు వచ్చాయి గానీ చట్టం కాలేదు. పైగా 1970 నాటి ఆ చట్టంలోనే ఇంకో భాగం ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్. ఇప్పుడు క్రెడిట్ బ్యూరోలు మన వివరాలతో జాబితాలు తయారుచేసి అప్పులిచ్చే కంపెనీలకు అమ్ముతున్నది ఆ యాక్టు కిందే. ఫలానా స్కోరు నుంచి ఫలానా స్కోరు దాకా, ఆలస్యాలు లేనివాళ్ళు, ఫలానా జిప్‌కోడ్‌లు అని కంపెనీ షరతులు ఇస్తుంది, బ్యూరో పేర్లు ఇస్తుంది. దీన్ని ప్రీస్క్రీనింగ్ అంటారు. చట్టం పెట్టిన ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఆ జాబితాలో ఉన్నవాళ్ళకు నిజమైన అప్పు ఆఫర్ ఇవ్వాలి. చెక్కు పంపడం కంటే నిజమైన ఆఫర్ ఇంకేముంటుంది? షరతు పాటించినట్టే లెక్క.

మన దగ్గర ఈ విషయంలో నిబంధన గట్టిగా ఉంది, చెప్పుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన క్రెడిట్ కార్డుల ఆదేశాల ప్రకారం, అడగని కార్డు ఇచ్చి బిల్లు వేస్తే, బ్యాంకు ఆ బిల్లును రద్దు చేయడమే కాక దానికి రెట్టింపు జరిమానా వినియోగదారుకే చెల్లించాలి. కార్డుదారుకు స్పష్టమైన సమ్మతి లేకుండా అప్పు అంటగట్టకూడదని కూడా అందులోనే ఉంది. హైదరాబాద్‌లో ఉన్న అక్కకు ఉన్న ఈ రక్షణ డాలస్‌లో ఉన్న చెల్లెలికి లేదు. అమెరికా కాంగ్రెస్ చేయాల్సింది పెద్ద పనేం కాదు. 1970లో కార్డు గురించి రాసిన ఒక వాక్యాన్ని చెక్కుకూ వర్తింపజేస్తే చాలు.

రాష్ట్రాలు కొన్నిచోట్ల కదిలాయి. 2022 ఆగస్టులో పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ డీసీ కలిసి మారినర్ ఫైనాన్స్ అనే కంపెనీ మీద ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. అడగని ఇన్సూరెన్సులు, క్లబ్బు సభ్యత్వాలు అప్పుల్లో కలిపేశారన్నది ఆరోపణ. 2023 మే నెలలో ఫెడరల్ వినియోగదారుల రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ, వన్‌మెయిన్ ఫైనాన్షియల్ అనే మరో కంపెనీని 2 కోట్ల డాలర్లు కట్టమంది. ఇలాంటి అదనపు ప్రొడక్టులను కస్టమర్లు రద్దు చేసుకుంటే, ఆ మధ్యకాలంలో వాటి మీద వసూలు చేసిన వడ్డీని తిరిగి ఇవ్వకపోవడం అందులో ఒక అంశం. ఈ రెండు కంపెనీలకూ నేను చెప్తున్న కేసుకూ ఏ సంబంధమూ లేదు. కానీ సీఎఫ్‌పీబీ ఉత్తర్వులోని వాదన నాకు చాలా పనికొచ్చింది.

ఏం చేశాం

ఆవిడ నా దగ్గరికి వచ్చేసరికి రెండో అప్పులో రెండు వాయిదాలు కట్టారు. బాకీ 3,374. మొదటి రోజు లెక్కల జోలికి వెళ్ళలేదు. ముందు భయం తీయాలి. "కట్టకపోతే గ్రీన్‌కార్డు పోతదా, జైల్ల పెడ్తరా" అని అడిగారు. ఇలాంటి ప్రైవేటు అప్పు కట్టలేకపోయినంత మాత్రాన గ్రీన్‌కార్డు రద్దు కాదు, అది నేరమూ కాదు. టెక్సస్‌లో ఇలాంటి అప్పు కోసం జీతంలో కోత పెట్టడం కూడా కుదరదు. అయినా ఆవిడ కట్టడం ఆపే ఆలోచనలో లేరు. ఆపమని నేనూ చెప్పలేదు. వరుసగా కట్టిన చరిత్రే తర్వాత మాకు ఆయుధమైంది.

మొదట కంపెనీకి ఉత్తరం రాసి అప్పు ఫైలు మొత్తం అడిగాం. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపించాను. ఫోన్‌లో అడిగితే బాకీ మొత్తం మాత్రమే చెప్తారు. ఫైలు వచ్చాక నేను ముందు చూసింది ఈ-సంతకాల రికార్డు. ముప్పై దాకా పేజీలు. మొదటి సంతకానికీ చివరి సంతకానికీ మధ్య రెండు నిమిషాలు కూడా లేదు. నాలుగు ఇన్సూరెన్సు, క్లబ్బు పత్రాల మీద వేలి గుర్తులు కొన్ని సెకన్ల తేడాలో పడ్డాయి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు కూడా అంతలో ఒక్క పేజీ చదవలేరు.

దీన్ని పట్టుకొని పోట్లాడాలా? ఇక్కడ బాగా ఆలోచించాల్సి వచ్చింది. సంతకాలు ఉన్నాయి. స్వచ్ఛందం అని రాసి ఉంది. గొడవలు కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న ఆర్బిట్రేషన్ క్లాజు ఒప్పందంలో ఉంది కాబట్టి కోర్టుకు వెళ్ళే దారి ఇరుకు. నెలలు పడుతుంది, గెలుస్తామన్న గ్యారంటీ లేదు, అంతదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మరోవైపు, స్వచ్ఛందమైన ఇన్సూరెన్సును మధ్యలో రద్దు చేసుకొనే హక్కు, మిగిలిన కాలానికి ప్రీమియం తిరిగి పొందే హక్కు ఎలాగూ ఉన్నాయి. దానికి మోసం జరిగిందని నిరూపించక్కర్లేదు. ఆ దారే ఎంచుకున్నాం. ఈ-సంతకాల రికార్డును బెదిరింపుగా వాడకుండా ఉత్తరానికి జతచేశాను, అంతే. అవతలివాళ్ళు దాన్ని చదివి అర్థం చేసుకుంటారు.

రద్దు ఉత్తరం ఆవిడ పేరు మీదే, ఆవిడ సంతకంతోనే వెళ్ళింది. నాలుగింటినీ పేరుపేరునా రాశాం. మొత్తం రద్దు చేయండి అని గంపగుత్తగా రాస్తే ఒకటో రెండో వదిలేస్తారు. డబ్బు చెక్కుగా పంపకుండా అసలులో తగ్గించమని స్పష్టంగా అడిగాం. మూడు వారాలకు 620 డాలర్లు అసలులో జమ అయింది. ఆ ప్రీమియంల మీద రెండు నెలలు వసూలు చేసిన వడ్డీ మాత్రం తిరిగి ఇవ్వలేదు. అది దాదాపు 30 డాలర్లు. చిన్న మొత్తమే, కానీ వదలదలుచుకోలేదు. సీఎఫ్‌పీబీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాం, అందులో 2023 మే నాటి ఉత్తర్వును ప్రస్తావించాం. సీఎఫ్‌పీబీ పంపిన ఫిర్యాదుకు కంపెనీలు మామూలుగా 15 రోజుల్లో స్పందించాలి. స్పందించారు, 30 డాలర్లూ తగ్గించారు. బాకీ 2,725 డాలర్లకు వచ్చింది.

ఆ తర్వాత ఆవిడను ఒక ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌కు, అంటే సభ్యులే యజమానులైన సహకార బ్యాంకు లాంటి సంస్థకు, తీసుకెళ్ళాను. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు మామూలు అప్పుల మీద 18% మించి వడ్డీ తీసుకోకూడదు. పది నెలలుగా ఒక్క వాయిదా తప్పని చరిత్ర చూసి వాళ్ళు 24 నెలల అప్పు ఇచ్చారు, నెలకు 136 డాలర్లు, మొత్తం 3,265. పాత ఒప్పందంలోనే ఉండి ఉంటే ఆవిడ ఇంకా 4,987 కట్టాల్సి వచ్చేది. తేడా 1,700 పైనే. కిచెన్‌లో గంటల లెక్కన పని చేసే మనిషికి అది చిన్న మొత్తం కాదు.

ఇలా ముందుగా తీర్చేయడంలో లాభం వచ్చిందంటే, ఆ అప్పు సింపుల్ ఇంట్రెస్ట్ పద్ధతిలో, అంటే మిగిలిన బాకీ మీదే వడ్డీ పడేలా, ఉండటమే కారణం. కొన్ని అప్పులు ప్రీకంప్యూటెడ్ పద్ధతిలో ఉంటాయి, వడ్డీ మొత్తం ముందే లెక్కేసి బాకీలో కలిపేస్తారు. అప్పుడు తొందరగా కట్టినా మిగిలేది తక్కువ. అప్పు ఫైలు రాగానే మొదట వెతకాల్సిన మాటల్లో ఇదొకటి.

పోస్ట్‌బాక్సు దగ్గర ఆపడం

అప్పు సంగతి ఒక కొలిక్కి వచ్చాక, కొత్త కవర్లు రాకుండా చూడటం రెండో పని. క్రెడిట్ బ్యూరోలు మీ పేరును ప్రీస్క్రీన్ జాబితాల్లోంచి తీసేయాలని అడిగే హక్కు చట్టంలో ఉంది. ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, ఇన్నోవిస్ నాలుగూ కలిసి నడిపే ఒకే ఏర్పాటు ఉంది. ఆప్ట్‌అవుట్‌ప్రీస్క్రీన్ డాట్ కామ్ వెబ్‌సైట్‌లో గానీ, 1-888-567-8688 నంబరుకు ఫోన్ చేసి గానీ అడిగితే అయిదేళ్ళు ఆపుతారు. శాశ్వతంగా కావాలంటే ఫారం ప్రింటు తీసి, సంతకం చేసి పోస్టు చేయాలి. ఆవిడకు శాశ్వతమే చేయించాను, నా ఆఫీసు ప్రింటర్ మీద. పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. పెద్దవాళ్ళు అక్కడ భయపడి ఆగిపోతారు. ఆ నంబర్లు బ్యూరోల దగ్గర ముందే ఉన్నాయి, మనిషిని పోల్చుకోవడానికి అడుగుతారు, ఇవ్వొచ్చు. కానీ ఈ పేరుతోనే దొంగ ఫోన్లు కూడా వస్తుంటాయి. కాబట్టి మనం చేసే ఫోన్‌లో మాత్రమే ఇవ్వాలి, మనకు వచ్చిన ఫోన్‌లో ఇవ్వకూడదు.

పేరు తీసేయించుకొనే ఆ ఫోన్ నంబరు ప్రతి ప్రీస్క్రీన్ కవరులోనూ మొదటి పేజీలో ఉండాలి. అది కూడా 12 పాయింట్లకు తగ్గకుండా, ఆ పేజీలోని మిగతా అక్షరాల కంటే పెద్దగా. ఆవిడ సంచీలో తెచ్చిన కవరులో ఉంది కూడా, ఒక గీతల పెట్టెలో. ఇంగ్లీషులో.

అప్పు అక్కర్లేని వాళ్ళ చేతికి చెక్కు వస్తే చేయాల్సింది చింపేయడమే, అదీ ముక్కలుగా. సంతకం గానీ డిపాజిట్ గానీ చేయనంతవరకు అప్పు లేదు, జవాబు ఇవ్వక్కర్లేదు. పొరపాటున వేసేసి అది అప్పని అదే వారంలో గుర్తిస్తే, డబ్బు ముట్టుకోకుండా వెంటనే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, మొత్తం వెనక్కి కట్టేయాలి. మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చన్న మాట చాలామంది చెప్తుంటారు. ఆ ఫెడరల్ హక్కు ఇల్లు తాకట్టు పెట్టిన కొన్ని అప్పులకే, ఇలాంటి అప్పుకు లేదు. ఒప్పందంలో కంపెనీ తనంతట తాను గడువు ఇచ్చి ఉంటే అది వేరే.

అపార్ట్‌మెంట్ కాంప్లెక్సుల్లో ఇంకో ప్రమాదం ఉంది. అందరి మెయిల్‌బాక్సులు ఒకే చోట ఉంటాయి, చెక్కు ఎవరో తీసి ఫోర్జరీ సంతకంతో మార్చుకుంటారు, బాకీ నోటీసు మనకు వస్తుంది. మీరు సంతకం చేయని చెక్కు మీద మీకు బాధ్యత లేదు. పోలీసు రిపోర్టు, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) వాళ్ళ ఐడెంటిటీథెఫ్ట్ డాట్ గవ్‌లో ఫిర్యాదు, ఆ సంతకం నాది కాదని కంపెనీకి ఇచ్చే ఫోర్జరీ అఫిడవిట్, చెక్కు రెండు వైపుల ఫొటో కావాలని అడగడం, ఈ నాలుగూ ఒకేసారి చేయాలి. సంతకం తెలుగులో చేసేవాళ్ళకు ఇక్కడ ఒక మేలు ఉంది, దొంగ దాన్ని అనుకరించడం కష్టం.

ఇల్లు కొనేవాళ్ళు ఎదుర్కొనేది ఇంకో రకం. మార్ట్‌గేజ్‌కు, అంటే ఇంటి అప్పుకు, దరఖాస్తు పెట్టిన మర్నాటి నుంచి ఫోన్లు, కవర్లు వచ్చి పడతాయి, బ్యూరోలు ఆ సమాచారం అమ్మడం వల్ల. దాన్ని కట్టడి చేస్తూ 2025 సెప్టెంబరులో చట్టం అయింది, 2026 మార్చి నుంచి అమలు. అప్పు కోసం తనంతట తాను వెళ్ళిన మనిషికి ఈ రక్షణ వచ్చింది. అప్పు మాటే ఎత్తని మనిషికి చెక్కు పంపడం మాత్రం అలాగే ఉంది.

ఆవిడ కేసులో ఆప్ట్ అవుట్ చేసిన, అంటే జాబితాల్లోంచి పేరు తీయించిన, రెండు నెలలకు కవర్లు బాగా తగ్గాయి. పాత కంపెనీ నుంచి మాత్రం వస్తూనే ఉన్నాయి. ఒకసారి కస్టమరు అయ్యాక వాళ్ళకు బ్యూరో జాబితా అవసరం లేదు, సొంత రికార్డే చాలు. కాబట్టి ఆప్ట్ అవుట్ ఆ కంపెనీకి అడ్డు కాదు. బాకీ పూర్తిగా తీరిందన్న పత్రం చేతికి వచ్చాక, దాని కాపీ జతచేసి, నాకు ఏ ఆఫరూ పోస్టులో గానీ ఫోన్‌లో గానీ పంపవద్దని వాళ్ళకు విడిగా ఉత్తరం రాయించాను. తర్వాత అక్కడి నుంచి ఇంకో చెక్కు రాలేదు. క్రెడిట్ యూనియన్ అప్పు గడువుకు ముందే తీర్చేశారు.